రాళ్ళవానలో అత్త చదివిన సగం పుస్తకం

మా పెద్దబాపు పేరు మీద ఆర్మూరులో పిల్లల పఠన మందిరం తెరుస్తున్నారని ఫోనులో విన్నప్పుడు నాకు నవ్వు కూడా రాలేదు. నవ్వాలన్నా అవతలి మనిషిని ఎంతో కొంత లెక్కలోకి తీసుకోవాలి. ఫోను చేసింది ఆయన కొడుకు ప్రవీణ్, వరసకు నా తమ్ముడు. "అక్కా, నువ్వు తప్పకుంట రావాలె. నాలుగు మాటలు మాట్లాడాలె. రాళ్ళవాననాడు బాపు పిల్లగాండ్లను ఎట్ల కాపాడిండో నువ్వు కండ్లార జూసినవ్ గద, గదే చెప్పు, చాలు" అన్నాడు. చూశాను. కళ్ళారానే చూశాను. వాడు అప్పటికి పుట్టనే లేదు. ఏ సంగతి మీదైనా పుట్టనివాడికి ఉన్నంత నమ్మకం చూసినవాళ్ళకు ఉండదు. వస్తానన్నాను.

ఫంక్షన్ హాలు గేటు దగ్గరే పెద్ద ఫ్లెక్సీ. బతికినన్నాళ్ళూ ఇంట్లో ఎవరి ముఖం చూసీ నవ్వని మనిషి అందులో పళ్ళు కనిపించేలా నవ్వుతున్నాడు. కంప్యూటర్లో అతికించిన నవ్వు. ఆ పెదవులు మా పెద్దబాపువి కావని ఆర్మూరులో పాతవాళ్ళందరికీ తెలుసు, అయినా అందరూ దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు. ఫోటో కింద 'బాలబాంధవుడు' అని బిరుదు. పక్కన ఒక బొమ్మ: మెరుపులు, గాలి, పెద్ద గోదాము తలుపు బార్లా తెరిచి ఉంది, ధోవతి కట్టిన మనిషి చేతులు చాచి పిల్లలను లోపలికి పిలుస్తున్నాడు. ఆ బొమ్మ ముందు నేను కాసేపు నిలబడ్డాను. అబద్ధానికి ఇన్ని రంగులు పూయొచ్చని నాకు తెలియదు.

లోపల పుస్తకాలు అద్దాల బీరువాల్లో ఉన్నాయి. వాటికి తాళాలు. ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పలేదు. పిల్లలు యూనిఫాంలలో తివాచీ మీద వరసగా కూర్చున్నారు. హైదరాబాదు నుంచి పిలిపించిన కథకుడట, రంగురంగుల టోపీ పెట్టుకుని, చెవి పక్కన మైకు తగిలించుకుని వాళ్ళ మధ్య గెంతుతున్నాడు. ఒక వాక్యం చెప్పి "ఎవరెవరు ఎక్సైటెడ్?" అని అడుగుతాడు. పిల్లలు అరుస్తారు. ఇంకో వాక్యం చెప్పి చప్పట్లు కొట్టమంటాడు. పులి గొంతు, ముసలమ్మ గొంతు, గాలి గొంతు, అన్నీ తనే. చేతిలో పుస్తకం ఉంది గాని దాన్ని ఒక్కసారీ తెరవలేదు. పక్కనున్న ఒక టీచరమ్మ నాతో మురిపెంగా, "ఎంత బాగ చెప్తున్నరు గద మేడమ్" అంది. నేను మా భూదవ్వత్తను తలుచుకున్నాను. ఆమె ఈ మనిషిని చూసి ఉంటే ఏమనేదో ఆ టీచరమ్మకు చెప్పదగ్గది కాదు.

భూదవ్వ మా పెద్దబాపుకు చెల్లెలు, మా బాపుకు అక్క. డిచ్‌పల్లి పక్క ఊరికి ఇస్తే, పెళ్ళయిన మొదటి ఎండాకాలం దాటకుండానే పెట్టె పట్టుకుని తిరిగి వచ్చేసింది. ఎందుకొచ్చావని ఊరంతా అడిగింది. కొట్టాడా, తాగుతాడా, ఇంకొకతె ఉందా అని. అత్త ఒకటే జవాబు చెప్పేది: "గా మనిషితోని మాట్లాడేటందుకు ఏం లేదు." ఇదేం కారణమని ముక్కు మీద వేలు వేసుకున్నారు. ఇప్పుడాలోచిస్తే అంతకన్నా పెద్ద కారణం నాకు కనబడదు. నిజామాబాదులో చుట్టాలింట ఉండి ఏడో తరగతి దాకా చదివింది. మా ఇంట్లో ఆడవాళ్ళలో చదువు వచ్చింది ఆమె ఒక్కతికే. అందుకని ఆమెను ఇంట్లో గౌరవించారనుకుంటే పొరపాటు. మా ఇంట్లో గౌరవం పసుపుకు ఒక్కదానికే ఉండేది.

ఆ ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. పెద్దబాపుకు సొంత పొలం ఉంది, రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఉంది, ఊరి చివర గుట్ట వైపు పెద్ద కల్లం, కల్లం పక్కన రాతి గోడల గోదాము ఉన్నాయి. పసుపు తవ్వకం మొదలైతే ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. కడాయిల్లో ఉడికే పచ్చి పసుపు ఆవిరి మట్టి వాసనతో, ఒక రకమైన చేదుతో గొంతులోకి దిగేది. పరుపులకు, దుప్పట్లకు, మేము తాగే నీళ్ళకు అదే వాసన. అమ్మ జొన్నరొట్టె కొడితే దాని మీద ఆమె వేళ్ళు పచ్చగా అచ్చుపడేవి. తెల్ల లంగా అనేది మా ఇంట్లో ఆడపిల్లలకు ఉండేదే కాదు. పెద్దబాపు పొద్దున్నే లేచి, పుక్కిలించి, ఆ చప్పుడు నాలుగిళ్ళకు వినిపించాక మంచం మీద కూర్చునేవాడు. కాళ్ళు కడగడానికి ఒకరు నీళ్ళు పొయ్యాలి, తుండుగుడ్డ ఒకరు పట్టుకోవాలి. తర్వాత నడుముకు తాళాల గుత్తి దోపుకుని కల్లానికి పోయేవాడు. అక్కడ ఎండిన పసుపు కొమ్ము ఒకటి తీసి పుటుక్కున విరిచి, లోపలి రంగు చూసి, "శాబాష్" అనేవాడు. ఆ మాట మనుషులెవరితోనూ అనగా నేను వినలేదు. పిల్లలం ఎదురుపడితే, "తిన్నది అరిగేదాంక ఉరుకుడే గద మీ పని" అని పక్కకు జరిగేవాడు, మేమేదో అంటుకునే రోగమైనట్టు.

అత్తకూ పిల్లలంటే గొప్ప ప్రేమేమీ లేదు. ఈ మాట స్పష్టంగా చెప్పాలి, లేకపోతే రేపు ఆమె ఫ్లెక్సీ కూడా ఎవరైనా వేస్తారు. ఆమె ఎవరినీ ఒళ్ళో కూర్చోబెట్టుకోలేదు, ఎవరి తలా నిమరలేదు. మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక వెనక వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని చదివేది. కిరాణా దుకాణాల్లో పొట్లాలు కట్టడానికి తూకానికి కొన్న పాత పత్రికలు, అట్టలు ఊడిన నవలలు, ఏది దొరికితే అది అడిగి తెచ్చుకునేది. పైకే చదివేది. మనసులో చదవడం ఆమెకు నచ్చదు. "నోట్లె తిప్పకుంట మింగినట్టుంటది" అనేది. మేము చుట్టూ చేరేవాళ్ళం. చేరమని ఆమె పిలవలేదు, పొమ్మనీ అనలేదు. గొంతు మార్చేది కాదు. దొంగకూ దొరసానికీ ఒకే గొంతు. ఎవరైనా ఆవలిస్తే చదవడం ఆపి, "నువ్వు లే. పోయి బర్రెల కాడ కూసో. అవి గూడ గిట్లనే నోరు తెరుస్తయ్" అనేది. లేచి వెళ్ళినవాడు వసారా గోడ అవతల నిలబడి వినేవాడు, నిలబడతాడని ఆమెకు తెలుసు. అందుకే గొంతు కొంచెం పెంచేది. ఆమె చూపిన దయ అంతే.

రాళ్ళవాన వచ్చింది ఎండాకాలం మొదట్లో. కల్లం నిండా ఉడికించిన పసుపు ఆరబోసి ఉంది. కూలి ఆడవాళ్ళు కొమ్ములూ దుంపలూ వేరు చేస్తున్నారు, వాళ్ళ పిల్లలు, మేము కలిసి ఆడుతున్నాం. నేను ఐదో తరగతి. కూలికి వచ్చేవాళ్ళలో మహబూబ్ బీ ఉండేది. ఆమె కూతురు షాహీన్‌కు ఐదేళ్ళుంటాయేమో, తల్లి కొంగు వదిలేది కాదు. అత్త మగవాళ్ళకు సద్దిగంప తెచ్చి, వాళ్ళు తినేదాకా ఆగాలి కాబట్టి గంపలోంచి పుస్తకం తీసుకుని చెట్టు నీడన కూర్చుంది. మిట్టమధ్యాహ్నం ఉన్నట్టుండి గుట్ట వెనక నుంచి నల్లటి మబ్బు లేచింది. ముందు గాలి వచ్చింది. పసుపు దుమ్ము లేచి ఆకాశం, మనుషులు, అన్నీ ఒకే రంగయిపోయాయి. అంతలో మొదటి మంచురాయి పడింది. నిమ్మకాయంత ఉంది. పిల్లలకు వింతగా ఉండి దాన్ని తీసుకోవడానికి పరిగెత్తారు. రెండోది ఒక పిల్లవాడి నెత్తి మీద పడింది, వాడు కింద కూలబడి ఏడవడం మొదలుపెట్టాడు.

ఆడవాళ్ళు, మా బాపు, పాలేర్లు టార్పాలిన్లు లాగుతున్నారు. నిండిన సంచులను గోదాములోకి విసురుతున్నారు. మేము పిల్లలందరం కూడా గోదాము వైపే పరిగెత్తాం. రాతి గోడలు, గట్టి కప్పు, ఎవరికైనా అదే తోస్తుంది. పెద్దబాపు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతులు చాచే ఉన్నాయి. ఆ ఫ్లెక్సీ బొమ్మలో అదొక్కటే నిజం. చాచింది మమ్మల్ని ఆపడానికి.

"ఏయ్, ఆగుండ్రి! గా బురద కాళ్ళతోని లోపటికొస్తె పసుపు ఖరాబైతది. తడి తాకితె బూజు వడ్తది. పోండ్రి, గా మిషన్ కొట్టంల కూసోండ్రి" అని అరిచాడు.

మిషన్ కొట్టమంటే పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము ఉండే పాక. మట్టిగోడలు, పైన రేకులు. అత్త అప్పటికే మా వెనక వచ్చి నిలబడింది. రాళ్ళు వీపు మీద పడుతున్నా ఆమె పరిగెత్తి రాలేదు, నడిచే వచ్చింది.

"అన్నా, తలుపు తియ్. పిల్లలు" అంది.

"ఏడాది కష్టమే గిది. నీకేం తెల్సు?"

"నాకు తెల్వది. తలుపు తియ్."

పెద్దబాపు తలుపు మూశాడు. లోపల గడియ పడిన చప్పుడు ఆ గాలిలో కూడా నాకు వినిపించింది. మా బాపు అక్కడే, టార్పాలిన్ కొస పట్టుకుని, అంతా చూస్తూ నిలబడ్డాడు. ఆయన మనిషి తలుపు బయట ఉన్నాడు గాని నోరు మాత్రం తలుపు లోపలే ఉండిపోయింది. మా బాపును నేను చాలా విషయాల్లో ప్రేమించాను. ఆ ఒక్క క్షణం కోసం మాత్రం ఇప్పటికీ ఆయన మీద నాకు చులకన భావమే.

అత్త తలుపు మీద ఉమ్మేసి, మమ్మల్ని మిషన్ కొట్టంలోకి తోలింది. లోపలికి వచ్చి తలుపు మూసింది. దానికి గడియ లేదు. అందుకని వీపు ఆనించి కింద కూర్చుంది. రేకుల మీద రాళ్ళ చప్పుడు ఎలా ఉందంటే, పక్కవాడు ఏడుస్తుంటే నోరు తెరుచుకోవడం కనిపిస్తోంది గాని ఏడుపు వినిపించడం లేదు. చిన్నవాళ్ళందరూ వెనక గోడకు అతుక్కుని, డ్రమ్ము చాటున ముడుచుకున్నారు. షాహీన్ మాత్రం "అమ్మీ, అమ్మీ" అంటూ తలుపు వైపే వస్తోంది. బయట రేకులు, కొమ్మలు ఎగిరిపోతున్నాయి. ఆ పిల్ల బయటికి పోయుంటే ఏమయ్యేదో ఊహించుకోనక్కర లేదు.

అత్త రవికలో దోపుకున్న పుస్తకం తీసింది. అట్ట లేదు, ముందు పేజీలు కొన్ని లేవు. అదొక అపరాధ పరిశోధన నవల. ఎవరో జమీందారు బంగళాలో వజ్రపుటుంగరం పోతుంది. ఆ రోజు బంగళాలో ఉన్నవాళ్ళు వంటవాడు, డాక్టరు, జమీందారు బావమరిది. పిల్లలకు చదివే పుస్తకమేనా అది? కాదు. ఈనాటి మేడమ్‌లు వింటే సమావేశాలు పెడతారు. అత్త చేతిలో ఉన్నది అదే, కాబట్టి అదే చదివింది.

ఒక పేజీ చదివి చూసింది. ఎవరికీ వినిపించలేదు. "ముంగటికి జరుగుండ్రి" అని అరిచింది. ఎవరూ కదల్లేదు. "వెనక గోడకు కూసుంటె మీకేం వినిపిస్తది? నేను గొంతు పగులగొట్టుకోవాల్నా మీకోసం? వినేటోళ్ళు రాండ్రి. విననోళ్ళు గాడ్నే ఏడువుండ్రి. మీ అసొంటి మొద్దులకు సదువుడే దండుగ." తిట్టేసరికి పిల్లలకు రోషం వచ్చింది. ఇంట్లో అత్త రోజూ తిట్టే తిట్లే, వినీ వినీ అలవాటైన తిట్లే. ప్రపంచం ఇంకా మామూలుగానే ఉందని వాటివల్ల నమ్మకం కుదిరిందేమో. ఒక్కొక్కరే డ్రమ్ము చాటు నుంచి జరిగి వచ్చారు. ఇంకా దగ్గరికి, ఇంకా దగ్గరికి అని ఆమె చేయి ఊపింది. చివరికి అందరం ఆమె మోకాళ్ళకు, భుజాలకు తలలు తగిలేంత దగ్గరగా ముద్దయిపోయాం. ఆమె ఒక్కొక్క వాక్యం అరిచి చదివింది. ఉరుము వస్తే ఆగేది, అది అయిపోయాక అదే వాక్యం మళ్ళీ మొదటి నుంచి చదివేది. ఉరుముకు కూడా ఒక్క మాట వదలలేదు. భయపడ్డట్టు గాని, ధైర్యం చెబుతున్నట్టు గాని గొంతులో ఏమీ లేదు. ఉంగరం ఎవరు తీశారన్నది తప్ప ఆ సమయంలో ఆమెకు లోకంలో ఇంకే సంగతీ పట్టనట్టుంది.

వంటవాడి పెట్టె వెతుకుతున్న చోట వెనక గోడ కూలింది. నానిన మట్టిగోడ మొత్తంగా లోపలికి, డ్రమ్ము మీదికి ఒరిగింది. పిల్లలు అంతవరకు ముడుచుకుని ఉన్న చోటు మనిషి మోకాలెత్తు మట్టి కింద పోయింది. పైనున్న రేకొకటి ఊడి ఏటవాలుగా దిగి అత్త ముంజేయి కోసింది. పుస్తకం మీద నెత్తురు పడింది. అందరం ఒక్కసారిగా లేచాం. షాహీన్ తలుపు సందులో తల పెట్టేసింది కూడా. అత్త తెగని చేత్తో దాని జడ పట్టుకుని వెనక్కి లాగింది. "యాడికే? దొంగ ఎవడో తెల్వకనె పోతవా?" అంది. షాహీన్ నోరు తెరుచుకుని ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత, ఇది నేను ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఆశ్చర్యమే, ఆ పిల్ల కూర్చుంది. మేమూ కూర్చున్నాం. కూలిన గోడలోంచి వానజల్లు మా మీద పడుతుంటే అత్త నెత్తుటి చేయి కొంగులో చుట్టుకుని, తడిసిన పేజీ విడదీసి, ఆపిన వాక్యం నుంచి మొదలుపెట్టింది.

డాక్టరు అబద్ధమాడాడని తేలిన చోట పేజీలు అయిపోయాయి. అత్త వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది. "అయిపోయింది. మిగిలిన కాయితాలల్ల దుకాణపోడు చాయపత్తి కట్టిండు" అంది. మేము ఒప్పుకోలేదు. అదేంటి, దొంగ ఎవరు? "నాకేం తెల్సు? నేను రాసిన్నా?" అంది. ఇంకొకరైతే పిల్లలను ఊరుకోబెట్టడానికి ఏదో ఒక ముగింపు అల్లి చెప్పేవారు. ఆమెకు ఆ బుద్ధి లేదు. లేకపోవడమే మంచిదైంది. ఇక మాలో మేము మొదలుపెట్టాం. వంటవాడని కొందరు, కాదు బావమరిది అని కొందరు. నేను డాక్టరే అన్నాను. అరుచుకున్నాం, ఒకరి నోరు ఒకరు మూయించుకున్నాం. రేకుల మీద చప్పుడు తగ్గిన సంగతి కూడా గమనించలేదు. అప్పుడు షాహీన్ సన్నగా అంది, "జమీందారే దాచుకున్నడు. ఎవ్వలకు ఇయ్యొద్దని." అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు. "గిది ఒక్కతి విన్నది" అంది. ఆమె నోట నేను విన్న మొదటి మెచ్చుకోలు అది, అదీ నాకు రాలేదు.

వాన ఆగాక తల్లులు పరిగెత్తుకుంటూ వచ్చారు. కూలిన గోడను వెనక నుంచి చూసి మహబూబ్ బీ వేసిన కేక ఊళ్ళోకి వినిపించి ఉంటుంది. మేమంతా తలుపు పక్కన ముద్దగా కూర్చుని ఉంగరం గురించి కొట్లాడుకోవడం చూసి, ఆమె నేల మీద చతికిలబడి ఏడ్చింది. తర్వాత అత్త చెయ్యి చూసి, కల్లంలోంచి నాలుగు పసుపు కొమ్ములు ఏరి, రాతి మీద నలగ్గొట్టి తెచ్చింది. "మా అన్నను అడిగి పెట్టవే. లెక్క తప్పుతది" అంది అత్త. అప్పుడే గోదాము తలుపు తెరుచుకుంది. పెద్దబాపు బయటికొచ్చాడు. ధోవతి మీద నీటి చుక్క లేదు. ఆకాశం చూశాడు, సంచుల వైపు చూశాడు, "లోపటి పసుపు తడువలే" అన్నాడు, మేమందరం అది వినడానికే ఎదురుచూస్తున్నట్టు. తర్వాత కొట్టం చూశాడు. "గోడెట్ల వడ్డది?" అని అత్తను అడిగాడు. అడిగిన తీరు చూస్తే ఆమే పడగొట్టిందనుకోవాలి.

నష్టం చూడడానికి అధికారులు వచ్చినప్పుడు, వాళ్ళ వెంట పేపరాయన వచ్చినప్పుడు, పెద్దబాపు మంచం మీద కూర్చుని చెప్పాడు: "పసుపు పోతె పోయింది సార్, పిల్లలు ముఖ్యం గద. అందర్ని ఒక్క తాన చేర్చి దగ్గరుండి కాపాడినం." అత్త ఆ పక్కనే చాయ గ్లాసులు అందిస్తోంది, చేతికి కట్టు ఉంది. అధికారి ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకుంటూ కట్టు వైపు చూడలేదు. అప్పటినుంచి కథ పెరిగింది. మొదట 'దగ్గరుండి', తర్వాత 'గోదాములో పెట్టి', తర్వాత 'సంచులు బయటికి విసిరి'. ఊరు నమ్మింది. నమ్మితే ఊరికి ఒక పెద్దమనిషి దొరుకుతాడు, నమ్మకపోతే దొరికేది ఒక నీచుడు. ఏది సుఖమో ఊళ్ళకు బాగా తెలుసు.

నువ్వెందుకు చెప్పవని అమ్మ అడిగితే, "చెప్తె వినేటోడు ఒక్కడుండాలె గద" అని ఊరుకుంది అత్త. వారం తిరక్కుండా పెట్టె సర్దుకుంది. పెద్దబాపు గుమ్మంలోనే కూర్చుని, "యాడికి పోతవ్? నీ మొగడు రానియ్యడు" అన్నాడు. "గీ ఇంట్ల ఉండాల్నంటె పసుపై పుట్టాలె. నేను మనిషినై పుట్టిన" అని ఆయన కాళ్ళు దాటుకుని వెళ్ళిపోయింది. మహబూబ్ బీ వాళ్ళ గల్లీలో ఒక గది తీసుకుంది. ఆ గల్లీ ఆడవాళ్ళు వరండాల్లో కూర్చుని బీడీలు చుట్టేవారు. అత్తా చుట్టడం మొదలుపెట్టింది. చేతులు అంత చురుకు కాదు. కొన్నాళ్ళకు వాళ్ళే, "నువ్వు సదువక్కా, నీ బీడీలు మేం చుడ్తం" అన్నారు. అలా ఆమె బతుకు కుదిరింది. మధ్యాహ్నాలు ఆకు కత్తిరించే చప్పుడు మధ్య ఆమె గొంతు వినబడేది. బడి వదలగానే నేను అక్కడికే పోయేదాన్ని. తెలుగు రానివాళ్ళకు షాహీన్ ఉర్దూలో చెప్పేది, మధ్యలో ఒక వాక్యం మింగేస్తే అత్త వేలితో కణత మీద కొట్టేది. ఆ గల్లీలో ఆడవాళ్ళు విన్నంత శ్రద్ధగా వినేవాళ్ళను నేను తర్వాత ఏ సాహిత్య సభలోనూ చూడలేదు. సభల్లో వాళ్ళు తమ వంతు కోసం వింటారు.

ఇక ఆ రోజు ఫంక్షన్ హాలులో నా వంతు వచ్చింది. ప్రవీణ్ శాలువా కప్పి మైకు చేతికిచ్చాడు. నేను పై సంగతంతా చెప్పాను. గడియ పడిన చప్పుడు చెప్పాను, కూలిన గోడ చెప్పాను, భూదవ్వ అనే పేరు రెండుసార్లు చెప్పాను. ముందు వరస పెద్దమనుషులు తలలూపుతూ విన్నారు, ఏం వింటున్నారో తెలియకుండానే. ప్రవీణ్‌కు మాత్రం సగంలో అర్థమైంది. నవ్వుతూ వచ్చి మైకు తీసుకున్నాడు. "అక్కకు వయసు మీదవడ్డది. యాది జర ఇటటు అయితది. మా బాపు మీది ప్రేమతోని వచ్చింది, గదే సంతోషం" అన్నాడు.

వెనక కుర్చీల్లోంచి ఒకామె లేచింది. మనవరాలిని తీసుకుని వచ్చినట్టుంది, ఆ పిల్ల ఆమె కొంగు పట్టుకుని ఉంది. "అక్కకు యాది మంచిగనే ఉన్నది. నేను గూడ గా కొట్టంలనే ఉన్న. నా జడ వట్టి గుంజింది భూదవ్వ. గోదాము తలుపు ఎవ్వలు తియ్యలే" అంది. కలిసి ఎన్నో ఏళ్ళయిన షాహీన్‌ను నేను ముఖం చూసి పోల్చుకోలేదు, గొంతుతో పోల్చుకున్నాను.  ప్రవీణ్, "సరే అమ్మా, కూసో, కూసో. స్నాక్స్ వస్తున్నయ్" అన్నాడు. స్నాక్స్ వచ్చాయి. అందరూ చప్పట్లు కొట్టారు, నాకో, షాహీన్‌కో, సమోసాలకో తెలియదు. టోపీ పెట్టుకున్న కథకుడు నా దగ్గరికి వచ్చి, "మేడమ్, సూపర్ కంటెంట్. కొంచెం యాక్షన్ పెడితే పిల్లలకు బాగా ఎక్కుతుంది" అన్నాడు. రిబ్బను కత్తిరించారు. మరునాడు పేపరులో ఫోటో వచ్చింది. దివంగత దాత గొప్పతనాన్ని నేను కంటతడితో గుర్తు చేసుకున్నానని రాశారు. అప్పుడొక పేపరాయన చెవి ఎటు పెట్టి విన్నాడో, ఇప్పటివాడూ అటే పెట్టాడు. ఎన్ని చానళ్ళు వచ్చినా, ఎన్ని ఫోన్లు వచ్చినా ఈ దేశంలో మంచం మీద కూర్చున్నవాడి మాటే వార్త.

షాహీన్, నేను బస్టాండు దాకా కలిసి నడిచాం. బీరువాల తాళాలు చూశావా అంది. చూశానన్నాను. మా గల్లీలో నేను ఇప్పుడు కూడా పిల్లలకు చదువుతాను అంది, పొద్దు గూకే ముందు, కుట్టు మిషను పని ఆపి. ఎలా చదువుతావని అడిగాను. "తిట్టుకుంట" అంది. ఇద్దరం నవ్వాం. ఆ రోజు మొత్తంలో కలిసి నవ్వదగ్గ మనుషులు మేమిద్దరమే.

తిరుగు బస్సులో అత్త చివరి రోజులు గుర్తొచ్చాయి. నిజామాబాదు దవాఖానాలో, ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం. చూపు పూర్తిగా పోయింది. ఒక మధ్యాహ్నం నేనొక వారపత్రిక తీసుకుపోయి కథ చదవడం మొదలుపెట్టాను. అప్పటికే నేను యాభై దాటినదాన్ని, నాలుగు పుస్తకాలు అచ్చయినదాన్ని. మెల్లగా, మెత్తగా, ఆమెకు కష్టం కలగకూడదని ప్రతి మాటా జాగ్రత్తగా చదువుతున్నాను.

"ఆపు" అంది అత్త.

ఆపాను.

"గొంతుల గా జాలెందుకు? నేను సస్తున్నా అని నాకు తెల్సు. కతల మనిషికి తెల్వది గద. మామూలుగ సదువు."

గొంతు సవరించుకున్నాను. కథ మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను, దొంగకూ దొరసానికీ ఒకే గొంతుతో. కాస్త తడబడితే ఆమె వేలు దుప్పటి మీద కదిలేది, ఆ వాక్యం మళ్ళీ చదివేదాన్ని. పక్క మంచాల వాళ్ళు మాటలాపి ఇటు తిరిగారు. నర్సు ట్రాలీ తోసుకుంటూ వచ్చి, బి.పి. చూడాలి, చెయ్యి ఇటివ్వమ్మా అంది. అత్త ముఖం తిప్పకుండానే చెయ్యి పైకెత్తి ఆమెను ఆపింది.

"జర ఆగు బిడ్డా. సప్పుడు జెయ్యకు. మా పోరి సదువుతున్నది."